ప్రభాకర్‌కు మిగిలిన మ్యాచ్‌లు

చి. సౌ. కామేశ్వరికి, కెనడాలోని హామిల్టన్ నుంచి అక్క ఆశీస్సులు.

నువ్వూ మరిదిగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ బీపీ ఎలా ఉంది? ఇక్కడ అందరం బాగున్నాం. చలికి నా మోకాళ్లు మాత్రం పట్టేశాయి, మెట్లు దిగాలంటే అల్లుడి భుజం కావాలి. కంగారు పడకు, నోరు బాగానే పనిచేస్తోంది. దానితో ఒకడి పని పట్టాను. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మన సాహితి కాలేజీ వాలీబాల్ టీముకి కెప్టెన్ కదా. మునుపు వాళ్ల లీగులో ఎనిమిది కాలేజీలే. ప్రతి టీముతోనూ రెండుసార్లు ఆడేవాళ్లు, ఒకసారి మా ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో. పక్షపాతానికి చోటే లేదు. ఇప్పుడు మన దేశం పిల్లలు విమానాల కొద్దీ దిగారు, లీగులో కాలేజీలు పద్నాలుగయ్యాయి. శనివారాలు మాత్రం పెరగలేదు. కాబట్టి ఒక్కొక్కరితో ఒక్కసారే ఆట. అది ఎవరి ఊళ్లో అన్నది షెడ్యూలు వేసేవాడి దయ.

వేసేవాడు మిస్సిసాగా కాలేజీ కోచ్ ప్రభాకర్, మన తెలుగువాడే. తన మ్యాచ్‌లన్నీ సొంత జిమ్‌లో పెట్టుకుని మా పిల్లలకు ఈ ఏడాది అన్నీ పొరుగూళ్లే రాశాడు. టీములో సగంమంది శనివారం సాయంత్రం వాన్‌లో వేర్‌హౌస్ పనికి పోయేవాళ్లు. పొరుగూళ్ల నుంచి తిరిగొచ్చేసరికి షిఫ్టు పోతుంది. వాళ్లు మానేస్తే టీమే ఉండదు.

కోచ్‌ల మీటింగుకి సాహితితో నేనూ వెళ్లి ఇదేం న్యాయమని అడిగాను. “ఆంటీ, ఇది వంటింటి లెక్క కాదు, షెడ్యూలింగ్. మీరు అలా కూర్చుని సమోసా తినండి” అన్నాడు, అందరికీ తెలియాలని ఇంగ్లీషులో. కొందరు నవ్వారు. సాహితి నా చెయ్యి గిల్లి, “అమ్మమ్మా, ప్లీజ్, లీవ్ ఇట్” అంది.

వదలడమా! ఉద్యోగమంతా హైస్కూలు టైంటేబుల్ వేసినదాన్ని. ముందు సమోసా తిన్నాను. తర్వాత లేచి మన స్టాఫ్‌రూమ్ పద్ధతి చెప్పాను, నేనూ ఇంగ్లీషులోనే. టైంటేబుల్ వేసే మనిషి, మిగతా అందరూ ఏరుకున్నాక మిగిలిన పీరియడ్లే తీసుకోవాలి, షెడ్యూలుకీ అదే న్యాయం అన్నాను. గుర్తుందా, నాకెప్పుడూ భోజనాల తర్వాత పదో తరగతి బి సెక్షనే మిగిలేది! “ప్రభాకర్ గారు ధర్మాత్ములు, కాదనరు” అని తియ్యగా ముగించాను. మాలాగే మండిపోతున్న కోచ్‌లంతా చేతులెత్తారు. కాదంటే ధర్మాత్ముడు కాకుండా పోతాడు, పాపం.

మా పిల్లలు షిఫ్టుకి అందే మ్యాచ్‌లు ఏరుకున్నారు. అతనికి ఉత్తరాది ఊళ్లన్నీ మిగిలాయి, నడి జనవరిలో, మంచులో సడ్‌బరీతో సహా. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు.

“అమ్మా, ఆ సడ్‌బరీ ఒక్కటీ మార్పించండమ్మా. ఆ రోడ్డు మీకు తెలీదు.”

ఆంటీ పోయి అమ్మ వచ్చింది చూశావా!

“నాకేం తెలుసు నాయనా, వంటింటి మనిషిని. దారిలో తినడానికి సమోసాలు చేసి పంపనా?” అన్నాను.

మొన్న శనివారం ఇక్కడ మా మొదటి మ్యాచ్. పిల్లలు శుభ్రంగా ఓడిపోయి, టైముకి షిఫ్టుకి వెళ్లారు. ఒక్కరూ టీము మానలేదు.

ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడి పంపు, కారం తగ్గించకు. పెద్దవదినగారికి నా నమస్కారాలు, నీ మనవలకు ముద్దులు.

అన్నట్టు, ఆ ఫోన్ పెట్టేశాక ఆ పూట మెట్లు నేనే దిగాను, ఎవరి భుజమూ పట్టకుండా. కొత్త మాత్ర పనిచేసిందని అల్లుడు సంబరపడుతున్నాడు. పడనీ.

నీ అక్క,
రాజ్యలక్ష్మి