మూడున్నర టన్నులు దాటాలి

సెటిల్, యార్క్‌షైర్
మార్చి 4

బరువుల ఆఫీసు పెద్దలకు,

బెరిల్ మెట్‌కాఫ్ నమస్కారాలు. నాకు అరవై ఏడేళ్ళు. పడక, పొయ్యి, పాయిఖానా అన్నీ లోపలే ఉన్న మోటార్‌హోమ్ ఒకటి ఉంది. మనుషులూ సామానూ కలిపి మూడువేల ఐదువందల కిలోలు దాటకూడదని దానికి బిగించిన పలక మీద కొట్టి ఉంది. ఆ హద్దును మూడువేల ఎనిమిదివందల యాభైకి పెంచండి. బండికి రెంచీ కూడా తగిలించనక్కర్లేదట. మీరు లెక్కలు చూసి కొత్త పలక పంపితే చాలని మా మెకానిక్ చెప్పాడు.

మే 14న స్కాట్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న డర్నెస్‌కు బయల్దేరుతున్నాం. నేను, మా అమ్మాయి లినెట్, అల్లుడు డంకన్. ఆలోపు పలక నా చేతిలో ఉండాలి. నిరుడు కార్న్‌వాల్‌కు రానూపోనూ డంకనే నడిపాడు. బండి నాది, తాళాలు అతని జేబులో. "మీకెందుకండీ శ్రమ, హాయిగా వెనక కూర్చుని గొర్రెల్ని చూడండి" అన్నాడు. నేను ఈ కొండల్లో ఇరవై రెండేళ్ళు పాలలారీ తోలాను. గొర్రెల్ని కావలసినన్ని చూశాను.

ఫారం నింపి, బండిని తూచే వేబ్రిడ్జి చీటీ జతచేసి పంపుతున్నాను. వెంటనే చూడండి.

కాలు నిలవని,
బెరిల్ మెట్‌కాఫ్

తా.క. "బరువు పెరగడానికి కారణం" అని ఫారంలో ఆడవాళ్ళను అడగడం ఏం మర్యాద? అయినా నిజమే రాశాను.


హాబ్‌స్టోన్ వాహన బరువుల కార్యాలయం
మార్చి 13

శ్రీమతి మెట్‌కాఫ్ గారికి,

మీ దరఖాస్తు అందింది. కారణం అన్నచోట మీరు "ఒక కాన్పు, ఆ పైన కస్టర్డు" అని రాశారు. ప్రశ్న వాహనం గురించి అని సవినయంగా మనవి.

మీ చీటీ ప్రకారం నిండు సామానుతో బండి తూగినది 3,310 కిలోలు. ఇంకా 190 కిలోల వెసులుబాటు ఉంది. కాబట్టి మీకు పెంపు అక్కర్లేదు. అక్కర్లేని పని చేయించుకోకుండా కస్టమర్లను కాపాడటం ఈ కార్యాలయం ధర్మంగా భావిస్తుంది. మీ ఫైలును పక్కన పెట్టాను. నిశ్చింతగా ప్రయాణం చేయండి.

మీ సేవలో,
డెస్మండ్ ఫోథర్‌గిల్, పలకల విభాగం

తా.క. కస్టర్డును నేను తప్పు పట్టడం లేదు.


సెటిల్
మార్చి 17

ఫోథర్‌గిల్ గారికి,

నిశ్చింతగా ఉండమని చెప్పడానికి తొమ్మిది రోజులు తీసుకున్నారు. ఈ తొమ్మిది రోజులూ నేను పోస్టువాడికోసం గేటు దగ్గర ఎంత తిరిగానంటే గడ్డి చచ్చిపోయింది.

మొన్న చెప్పడం మరిచిన సామాను ఇదిగో. ఇనుప మూకుడు, మా అమ్మ కుట్టుమిషను, నాలుగువందల డబ్బాల బీన్సు, ఎన్సైక్లోపీడియా ఇరవై నాలుగు భాగాలు. డర్నెస్‌లో వాన కురిస్తే చదువుకోవద్దూ? ఇవన్నీ ఎక్కించి క్వారీ దగ్గర మళ్ళీ తూయించాను. 3,560. హద్దు దాటింది, సంతోషం. ఇక పెంచండి.

ఒంటికాలి మీద నిలబడి,
బెరిల్ మెట్‌కాఫ్

తా.క. భాగాలు నిజానికి ఇరవై మూడే. ఆరోది పోయింది. అది దొరికితే ఇంకో రెండు కిలోలు వేసుకోండి.


హాబ్‌స్టోన్ వాహన బరువుల కార్యాలయం
మార్చి 28

శ్రీమతి మెట్‌కాఫ్ గారికి,

మీ జాబితా శ్రద్ధగా చదివాను. బీన్సు డర్నెస్‌లో కూడా అమ్ముతారు. కుట్టుమిషను ఇంట్లో వదలవచ్చు. నీళ్ళ ట్యాంకు సగమే నింపితే ఇంకో యాభై తగ్గుతుంది. మీకు వీలుగా తగ్గింపు పట్టిక ఒకటి నేనే తయారుచేశాను.

ముఖ్యమైన సంగతి. మూడున్నర టన్నులు దాటిన బండిని నడపాలంటే 1997 జనవరి ఒకటికి ముందు లైసెన్సు పరీక్ష పాసై ఉండాలి. తర్వాత పాసైనవారు దానికోసం వేరే పరీక్ష రాయాలి. మీరు 1975లో పాసయ్యారు, మీకు ఇబ్బంది లేదు. కానీ ఫారంలో రెండో డ్రైవరుగా రాసిన మీ అల్లుడు గారు 1998లో పాసయ్యారు. హద్దు పెంచితే ఆయన ఆ బండిని ముట్టుకోకూడదు. నాలుగువందల పైచిలుకు మైళ్ళూ మీరొక్కరే నడపవలసి వస్తుంది. ఇది మీరు గమనించి ఉండరు.

మీ క్షేమం కోరి, ఈ ఉత్తరం నకలు, తగ్గింపు పట్టికతో సహా, డంకన్ గారికి కూడా పంపాను.

మీ శ్రేయోభిలాషి,
డెస్మండ్ ఫోథర్‌గిల్

తా.క. ఇలా సొంతంగా పట్టిక వేసి ఇవ్వడం నా పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఇదే మొదటిసారి. కృతజ్ఞతలు అక్కర్లేదు.


సెటిల్
ఏప్రిల్ 2

ఫోథర్‌గిల్ గారికి,

కృతజ్ఞతలా? మీ పట్టిక పట్టుకుని డంకన్ ఆదివారం పొద్దున్నే దిగాడు. అతను బిస్కెట్ల ఫ్యాక్టరీలో భద్రతాధికారి. మెట్ల దగ్గర "మెట్లు ఉన్నవి" అని బోర్డు పెట్టించే రకం. బాత్రూం కాటా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, నా బండిలో ప్రతి వస్తువూ తూచి బయట పెట్టాడు. మూకుడు పోయింది. మిషను పోయింది. గరిటెలు తూచి, మూడింట్లో ఒకటి చాలన్నాడు. లినెట్ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. అది మొగుడి ముందు పెద్దగా మాట్లాడదు. కారు కూడా సూపర్‌మార్కెట్ దాకానే. అది స్టీరింగ్ పడితే కంగారు పడుతుందని డంకన్ తేల్చాడు, అది ఒప్పేసుకుంది.

తర్వాత బండిని తీసుకెళ్ళి తూయించుకొచ్చాడు. ఆ చీటీ మీకు పంపుతాడు. దాన్ని నమ్మకండి. అది దోపిడీ అయిన బండి.

నేను మళ్ళీ ఎక్కిస్తున్నాను. ఈసారి బాత్రూం కాటాకు లొంగనివి. ఇక్కడ పొలాలకు రాతిగోడలుంటాయి, సున్నం సిమెంటు లేకుండా పేర్చినవి. మా పెరటి గోడ ఎటూ కూలుతూనే ఉంది. మంచం కింద పెట్టెలో పదిహేడు రాళ్ళు పట్టాయి. కొత్త చీటీ జతచేశాను. వెంటనే పెంచండి.

నడుము పట్టేసిన,
బెరిల్

తా.క. అందులో ఐదు రాళ్ళు పక్కింటి ఆల్డర్సన్‌వి అని తర్వాత తేలింది. ఆయన గొర్రెలు ఇప్పుడు ఆ సందులోంచి వచ్చి నా క్యాబేజీ తింటున్నాయి. నేను గొర్రెల్ని చూస్తూ కూర్చోవాలన్న మా అల్లుడి కోరిక తీరింది.


హాబ్‌స్టోన్ వాహన బరువుల కార్యాలయం
ఏప్రిల్ 16

శ్రీమతి మెట్‌కాఫ్ గారికి,

ఒకే బండికి ఒకే వారంలో రెండు చీటీలు వచ్చాయి. డంకన్ గారిది 3,240. మీది 3,790. ఐదువందల యాభై కిలోల తేడా. ఒక చిన్న గుర్రమంత.

రాళ్ళ సంగతి చదివాను. పర్యటనకు రాళ్ళు ఎందుకు తీసుకెళ్తారో నాకు బోధపడలేదు. స్కాట్లాండ్‌లో రాళ్ళకు కొరత ఉన్నట్టు నేను వినలేదు. మా పై అధికారిణికి చూపిస్తే ఆమె చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, మనిషిని పంపండి అన్నారు. కాబట్టి మే 19న మా ఇన్‌స్పెక్టరు మీ ఇంటికి వస్తారు. అంతవరకు దరఖాస్తు నిలిపివేయడమైనది.

కలవరంతో,
డెస్మండ్ ఫోథర్‌గిల్

తా.క. డంకన్ గారు మాకు రోజూ ఫోను చేస్తున్నారు. మా ఆఫీసు మెట్లకు కూడా బోర్డు లేదని చెప్పారు.


సెటిల్
ఏప్రిల్ 19

నాయనా డెస్మండ్,

ప్రయాణం పద్నాలుగున. మీ మనిషి పంతొమ్మిదిన వచ్చి ఏం చూస్తాడు, చక్రాల గుర్తులా? ఇక దాపరికం దేనికి, ఉన్నదున్నట్టు రాస్తాను.

నాకు కుట్టుమిషనూ వద్దు, బీన్సూ వద్దు. ఆ 1997 సంగతి నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. అది తెలిసే దరఖాస్తు పెట్టాను. హద్దు మూడున్నర టన్నులు దాటితే డంకన్ దిగాలి, నేను ఎక్కాలి. నాకు కావలసింది అదొక్కటే.

డంకన్ చెడ్డవాడు కాదు. అదే నా చావు. చెడ్డవాడైతే తిట్టి పంపేదాన్ని. "మీకు విశ్రాంతి కావాలండీ" అంటాడు, శాలువా కప్పుతాడు, తాళాలు జేబులో వేసుకుంటాడు. ఇంటి విషయాల్లో నన్ను మెల్లమెల్లగా వెనక సీటులోకి జరిపాడు. బ్యాంకు, డాక్టరు, చివరికి క్రిస్మస్‌కు ఏ కోడి కొనాలో కూడా. బండి ఒక్కటే మిగిలింది. మంచు పడ్డ తెల్లవారుజామున నిండు పాలతో కొండ దిగినదాన్ని నేను. ఒక్క బొట్టు ఒలకలేదు. స్టీరింగ్ పట్టుకుంటే నేను నేనే. వెనక కూర్చుంటే ఒక ముసలమ్మని. నాకు ముసలమ్మ అవడానికి తీరిక లేదు.

పోట్లాడితే లినెట్ మా ఇద్దరి మధ్యా నలిగిపోతుంది. చట్టమే వద్దందంటే ఎవరూ ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. అందుకే మీ కాళ్ళు పట్టుకున్నాను. ఇప్పుడు చెప్పు, ఇంకా ఎన్ని రాళ్ళు ఎక్కించాలి?

దాచుకోవడానికి ఇంకేమీ లేని,
బెరిల్

తా.క. ఈ ఉత్తరం నకలు డంకన్‌కు పంపావో, ఆరో భాగం కూడా వెతికి తెచ్చి నీ నెత్తిన వేస్తాను.


హాబ్‌స్టోన్ వాహన బరువుల కార్యాలయం
మే 2

బెరిల్ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా అధికారిణికి వినిపించాను. ఆమెకు రెండు నెలల్లో రిటైర్మెంటు ఉంది, ఒక అల్లుడూ ఉన్నారు. ఇన్‌స్పెక్టరు రాకను రద్దు చేశారు.

ఒక సంగతి చెప్పాలి, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. హద్దు పెంచడానికి బండిలో బరువు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఖాళీ బండికి కూడా పెంచుతాం. మేము చూసేది ఇరుసులు, టైర్లు, బ్రేకులు. అవి మీ బండికి మొదటి రోజునే సరిపోయాయి. అక్కర్లేదని నేను ఇచ్చింది సలహా మాత్రమే. "సలహా వద్దు, పలక పంపు" అని ఒక్క ముక్క రాసి ఉంటే మార్చిలోనే పంపేవాణ్ణి. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, మీరేమో అడగవలసింది తప్ప అన్నీ రాశారు.

3,850 కిలోల పలక జతచేశాను. రాళ్ళు దించేయండి. ఆల్డర్సన్ గారివి ముందు.

శుభప్రయాణం కోరుతూ,
డెస్మండ్

తా.క. నేను 1999లో పాసయ్యాను. మా అమ్మకు కూడా ఒక మోటార్‌హోమ్ ఉంది, నేనే నడుపుతాను. ఈ ఉత్తరప్రత్యుత్తరాలు దయచేసి ఎవరికీ చూపకండి.


డర్నెస్
మే 19

నాయనా డెస్మండ్,

పలక సమయానికి అందింది. పద్నాలుగో తేదీ పొద్దున డంకన్ దాన్ని ముందూ వెనకా చూశాడు, ఎవరికో ఫోను చేశాడు, తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. నియమమంటే అతనికి దేవుడితో సమానం, ఆ మాట మాత్రం చెప్పుకోవాలి. సెటిల్ నుంచి ఇన్వర్‌నెస్ దాకా నేనే నడిపాను. పాటలు కూడా పాడాను. డంకన్ పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూ వచ్చాడు.

మర్నాడు లైర్గ్ అనే ఊళ్ళో ఆగి, మాంసం కూరి కాల్చిన పైలు కొనుక్కుని బండిలోనే తిన్నాం. అక్కణ్ణుంచి ఒకే బండి పట్టే దారి, యాభై మైళ్ళకు పైగా. ఎదురుగా ఎవరైనా వస్తే పక్కకు ఒదిగి నిలబడాలి. ఆ దారి కోసమే నేను నెలల తరబడి నిద్రపోలేదు.

లినెట్ చేతులు తుడుచుకుంది. పర్సులోంచి లైసెన్సు కార్డు తీసి మొగుడి ముందు పెట్టింది. డంకన్ దాన్ని తిరగేసి చదివాడు. పరీక్ష పాసైన తేదీ 1996 డిసెంబరు 18. ఆ 1997 జనవరి గీతకు పద్నాలుగు రోజుల ముందు. అతను మూడుసార్లు చదివినా తేదీ మారలేదు.

"అమ్మా, నువ్వు జరుగు. ఇక్కణ్ణుంచి నేను తోలతాను" అంది లినెట్.

నీకు కంగారు కదా లినెట్ అని డంకన్ మెల్లగా అన్నాడు.

"కంగారు నాది కాదు, నీది. ఇరవై ఏళ్ళుగా నేను మోస్తున్నాను" అంది.

డంకన్ లేచాడు. వెనక్కి వెళ్ళి కూర్చుని, బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నాడు. నాకు కోపం రావాలి, వచ్చింది కూడా. ఆ స్టీరింగ్ కోసం ఎంత చేశానో నీకు తెలుసు. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడని, నా కడుపునే పుట్టింది. కానీ మొదటి మలుపు తిప్పాక దాని చేతులు చూశాను. నా చేతులే. ఎదురుగా వచ్చిన కట్టెల లారీకి ఒదిగి దారిచ్చి, డ్రైవరుకు వేలెత్తి పలకరించింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు నేను విని ఎన్నేళ్ళయిందో లెక్కవేయబోయి, మానేశాను.

డెస్మండ్, నేను దాన్ని ఎప్పుడూ అడగలేదు. డంకన్ చెప్పింది నమ్మి, నా కూతురు భయస్థురాలు అనుకున్నాను. నన్ను వెనక కూర్చోబెట్టారని నేను ఊరంతా ఏడ్చాను. అది నాకంటే ముందునుంచే అక్కడ కూర్చుని ఉంది.

నాలుగు రోజులయింది. తాళాలు ఇంకా దాని జేబులోనే ఉన్నాయి. అడిగితే "నువ్వు సముద్రం చూడమ్మా" అంటుంది. చూస్తున్నాను.

పక్క సీటులోంచి,
బెరిల్

తా.క. 1996లో పాసైనవాళ్ళు కూడా ముట్టుకోకూడని బరువు, 1975 వాళ్ళకు మాత్రమే చెల్లేది, ఏదైనా ఉంటే ఆ ఫారం ఒకటి పంపు. తొందరేం లేదు.