సంతకం కింద తేదీ

ప్రియమైన తమ్ముడు జితేందర్‌కు,

ఆ కత్తిని వెంకటేశ్ నిజంగా తన చేత్తో తీసి నీకిచ్చాడా? ఏడేళ్లుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. పెళ్లిళ్లలో కలిశాం, చిన్నమ్మ దినాలప్పుడు పక్కపక్కన కూర్చుని తిన్నాం, అయినా అడగలేకపోయాను. ఫోన్‌లో అడిగితే నవ్వేసి పెట్టేస్తావు. ఇప్పుడు బదిలీ మీద ఆదిలాబాద్‌లో ఉన్నావు కాబట్టి కాగితం మీద అడుగుతున్నాను.

నిన్న మా కాలేజీకి సమన్లు వచ్చాయి. తెచ్చిన కానిస్టేబుల్ స్టాఫ్ రూమ్‌లో అందరూ వింటుండగా, "శ్రీరామమూర్తి మర్డర్ కేసు మేడమ్, మళ్ల రావాలె మీరు" అన్నాడు. యావజ్జీవం పడ్డ ఆ బస్తీ రౌడీ వెంకటేశ్ హైకోర్టులో అప్పీలు చేసుకున్నాడట. కత్తి ఉన్న మూటను మళ్లీ తెప్పించి, దాని మీద సాక్షిగా సంతకం చేసిన నన్ను నాంపల్లి కోర్టులో మళ్లీ అడుగుతారట.

ఆ రోజులు నా వైపు నుంచి ఎలా కనిపించాయో నీకెప్పుడూ చెప్పలేదు. 2017 ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే శ్రీరామమూర్తి గారిని ఒక నిఘంటువు తీసిపెట్టమన్నాను. తెచ్చుకుందామని వెళ్లేసరికి ఆయన్ను ఆ స్టేషన్ పోలీసువైన నువ్వే ఆటోలో ఆస్పత్రికి వేసుకుపోయావన్నారు. ఇంజనీరింగ్ గైడ్ల మీద రక్తం మడుగు కట్టింది. గాలికి లేవబోయిన పేజీలు మళ్లీ దానికే అంటుకుపోతున్నాయి. కడుపులో నాలుగు పోట్లు, మెడ మీద ఒకటి. రౌడీల మామూళ్ల వసూలు మీద పైఅధికారులకు అర్జీ పెట్టినందుకట. పక్కన పుస్తకాలు పరుచుకున్న నలుగురూ ఆ సమయంలో టీ తాగడానికి వెళ్లామన్నారు. నలుగురూ ఒకేసారి, ఒకే హోటల్‌కు. నా నిఘంటువు మాత్రం గోనెపట్టా కింద, నా పేరు రాసిన కాగితం చుట్టి, చుక్క రక్తం అంటకుండా ఉంది.

బుధవారం మధ్యాహ్నం నువ్వు మా ఇంటికి నాలుగు ఖాళీ చీటీలు తెచ్చావు. "అక్కా, రేపు కత్తి దొరుకుతది. మూట మీద అంటించే చీటీలివి. ప్రభుత్వ ఉద్యోగి సంతకమైతే గట్టిగుంటది. గాడ ఎండల నిలబడి రాసుడెందుకు, ఇప్పుడే పెట్టు" అన్నావు. రేపు దొరకబోయే కత్తి గురించి ఈవేళ నీకెలా తెలుసని నేను అడగలేదు. చదువుకున్నదాన్ని, అడగాలి కదా. పెట్టాను. పిల్లల రికార్డు పుస్తకాలు దిద్ది దిద్ది అలవాటైన చెయ్యి, సంతకం కింద తేదీ కూడా వేసింది.

గురువారం రైల్వే గోడ దగ్గరికి జీపులో తీసుకెళ్లావు. వెంకటేశ్ నడవలేకపోతున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు చంకల కింద చేతులు వేసి మోశారు. అరికాళ్లు నేలకు ఆనినప్పుడల్లా కుక్కపిల్లలా మూలిగాడు. నేను దిగేసరికే కత్తి గడ్డిలో, పేపరు మీద ఉంది. నా కళ్ల ముందే వాడు తవ్వి తీశాడని పంచనామాలో రాసి ఉంది. దాని మీదా సంతకం పెట్టాను.

విచారణ రోజు కోర్టులో మూట చూపించారు. చీటీ మీద లక్క కారి తేదీని సగం కప్పేసింది. నాకు మాత్రం కనిపించింది. పంచనామాలో పదహారు, చీటీ మీద పదిహేను. వాళ్ల వకీలు చూడలేదు. జడ్జి గారు చూడలేదు. నేను చెప్పలేదు.

ఇప్పుడేం చెప్పాలి?

నీ అక్క
కమల
4-6-2024


కమలక్కకు నమస్తే,

ఉత్తరం ముట్టింది. పోలీసోన్ని ఉత్తరం రాసి దబాయించేటిది నువ్వొక్కదానివే. జవాబు రాద్దామని కూసుంటే చేతికి పెన్ను ఆగుతలేదు, లాఠీ పట్టిన చెయ్యి గదా.

తారీఖు సంగతి నాకిప్పుడే తెలిసింది. సంతకం కింద తారీఖు లేకుంటె గది సంతకమే కాదని నాలుగో తరగతిల నా చెవి మెలేసి చెప్పినవు. నీ చదువే నా మెడకు చుట్టుకునేటట్టున్నది.

ఫికర్ చెయ్యకు. లక్క కింద ఏమున్నదో ఎవడు గీకి చూస్తడు? అడిగినదానికి ఔ అను, కాదు అను. అడగనిది చెప్పకు. సాక్షికి గదే మొదటి పాఠం.

నీకు వెంకటేశ్ మీద జాలి కలుగుతున్నదా అక్కా? ఇస్త్రీ బండి భావనారాయణ మొహం మర్చిపోయినవా? కాలుతున్న పెట్టె తీసి చెంపకు ఒత్తిండు వాడు. తోలు పెట్టెకే అంటుకొని వచ్చింది. దవాఖానల నేనే పక్కన నిలబడ్డ. పూలమ్మే ముసలామె కొడుకు మోకాళ్లు రాడ్‌తోటి పలగ్గొట్టిండు, ఇప్పటికి చెక్కబండి మీదనే తిరుగుతడు. ఒక్కడన్న సాక్ష్యం చెప్పిండా? వాడు లోపలికి పోయినంక ఏడేండ్లు గా బస్తీల దుకాణాలు రాత్రిదాక తెరిచి ఉంటున్నయి.

వాడే పొడిచిండు. అందరికి తెలుసు. జర ఆలోచించు.

నీ తమ్ముడు
జితేందర్
15-6-2024


ప్రియమైన తమ్ముడికి,

అందరికీ తెలుసన్నావు. ఒకరికి మాత్రం వేరేగా తెలుసు.

మొన్న సాయంత్రం కాలేజీ వదిలాక ఒకామె గేటు దగ్గర ఆపింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. బ్లౌజులు కుడుతుందట, మెడలో ఇంచీ టేపు ఉంది. వెంకటేశ్ భార్య వైశాలి. బెదిరించడానికి వచ్చిందనుకుని వాచ్‌మన్ వైపు చూశాను.

"మేడమ్, మీరు కోర్టుల మళ్ల చెప్పాలెనట గదా. పోయినసారి చెప్పినట్టే చెప్పుండ్రి" అంది.

నాకు అర్థం కాలేదు. "నువ్వు ఆయన భార్యవే కదమ్మా?"

"ఔ. గందుకే చెప్తున్న."

ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చున్నాం. కుడి చెయ్యి బల్ల మీద పెట్టింది. మణికట్టు పక్కకు వంగి అతుక్కుంది, చెట్టుకొమ్మ విరిగి అతుక్కున్నట్టు.

"గా ఆదివారం కూరల ఉప్పు ఎక్కువైందని పచ్చడి బండ తీసుకున్నడు. పదింటికి షురూ చేసిండు. పక్కింటోళ్లు టీవీ సప్పుడు పెంచుకున్నరు. పదకొండింటిదాక కొడ్తనే ఉన్నడు మేడమ్. గప్పుడే ఆబిడ్స్‌ల ముసలాయనను పొడిచిన్రంట. ఒక్క మనిషి రెండు జాగలల్ల ఎట్ల కొడ్తడు?"

టీ చల్లారిపోయింది. "మరి కోర్టులో ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఎందుకు చెప్తా? ఏడేండ్ల సంది పండ్లూడకుండ బతుకుతున్న." మెడలో టేపు సర్దుకుంటూ అంది, "సాక్ష్యం చెప్పనందుకు బయటికొస్తె మొదలు నన్నే సంపుతడు. ములాఖాత్‌ల ఇనుప జాలీ అవతలి నుంచి చెప్పిండు, నవ్వుకుంట."

లేచేటప్పుడు మరో మాట చెప్పింది. ఆ ఆదివారం సాయంత్రమే, కట్టు కట్టించుకుని, మీ స్టేషన్‌కు వచ్చి మొగుడి మీద ఫిర్యాదు రాసిచ్చిందట. కొట్టిన టైముతో సహా. ఎవరు తీసుకున్నారని అడిగాను. నీ పేరు చెప్పింది. నువ్వు నా తమ్ముడివని ఆమెకు తెలియదు.

ఆ కాగితం ఏమైంది జితేందర్?

నీ అక్క
కమల
2-7-2024


అక్కా,

చింపిన.

గా కాగితం మీద కేసు రాస్తె, పొడిచిన టైముల వాడు ఇంట్ల ఉన్నట్టు రుజువైతది. చింపి డబ్బాల ఏసిన. గామె చూస్తనే ఉన్నది. కట్టు మీదికెల్లి నెత్తురు కారుతుండె, నీళ్లన్న తాగుమని అనలే.

శ్రీరామమూర్తి ఆటోల నా ఒళ్లనే పండుకున్నడు. మెడ పోటు నా అరచేతితోటి ఒత్తి పట్టుకున్న, వేళ్ల సందులకెల్లి వేడిగ వస్తనే ఉండె. పవన్‌కుమార్ పొడిచిండు అన్నడు ముసలాయన. రెండుసార్లన్నడు. రెండోసారి ఒట్టి పెదవులే కదిలినయి.

పవన్‌కుమార్ నా మనిషి. వెంకటేశ్ పక్కన తిరుగుకుంట లోపలి కబుర్లు నాకు చెప్తుండె. నాకొచ్చిన పేరంత వాడిచ్చిన కబుర్లతోటే. వాని మీద పెట్టిన అర్జీ తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే వచ్చింది. ముసలాయన నీ మీద రాసిండురా, జర జాగ్రత్త అని నేనే వానికి చెప్పిన. భయపెడ్తడనుకున్న, పొడుస్తడనుకోలే.

కత్తి పుస్తకాల కిందనే దొరికింది. వాన్ని పట్టిస్తె నా సంగతి చెప్తడు. వెంకటేశ్‌ను ఏస్తె బస్తీ బతుకుతది. ఒక్క కత్తితోటి రెండు పనులైతయనుకున్న. మూడు దినాలు కొట్టిన వెంకటేశ్‌ను. చెయ్యనిదాన్ని చేసిన అనలే వాడు. గంత కొట్టినా అనలే. గదొక్కటి నాకు యాదికొస్తది.

నువ్వు ఏం చెప్పినా నాకు అక్కవే. చెప్పేటట్టయితే చెప్పు. గీ ఉత్తరం మాత్రం చదివి చింపెయ్యి.

నీ తమ్ముడు
జితేందర్
13-7-2024


ప్రియమైన తమ్ముడికి,

నీ సస్పెన్షన్ ఉత్తర్వు వచ్చిందని చిన్నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నాతో అంతకు మించి మాట్లాడలేదు.

కోర్టులో ఏం జరిగిందో నువ్వు పేపర్లో చూసి ఉంటావు. పేపర్లో లేనిది చెబుతాను. వకీలు చీటీ చూపించి "సంతకం మీదేనా?" అన్నాడు. ఔనన్నాను. ఆయన మూట పక్కన పెట్టబోయాడు. నీ పాఠం ప్రకారం నేను దిగిపోవచ్చు. "కింద తేదీ కూడా నేనే వేశాను, లక్క గీకి చూడండి" అన్నాను. గుమాస్తా బ్లేడుతో గీకితే పదిహేను బయటపడింది. వెంకటేశ్ బోనులోంచి నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నేను మొహం తిప్పుకుని బోను దిగిపోయాను.

అంతకు వారం ముందే వైశాలిని కాచిగూడలో ఒక గదిలోకి మార్చాను. అది చాలనుకున్నాను. మనలాంటి వాళ్లం ఒక గది, ఒక తాళం చూపించి, బాధ్యత తీరిందనుకుంటాం.

హైకోర్టు శిక్ష నిలిపి వాణ్ని బెయిలు మీద వదిలింది. పన్నెండో రోజు పొద్దున ఎనిమిదింటికి, కాచిగూడ రైల్వే స్టేషన్ ఎదుట టిఫిన్ బండి దగ్గర నేనూ వైశాలీ ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డాం. "ఉప్పు తక్కువైంది మేడమ్" అని నవ్వింది. వెనక నుంచి వచ్చాడు. మాంసం కొట్టే కత్తి. తల మీదికి దిగిన వేటుకు ఆమె ఆ వంకర చెయ్యే అడ్డం పెట్టింది. మూడు వేళ్లు తెగి చట్నీ గిన్నె పక్కన పడ్డాయి. రెండో వేటు భుజంలో దిగి ఎముకలో ఇరుక్కుంది. వాడు కాలితో తన్ని కత్తి ఊడబెరుకుతున్నాడు. నేను మరుగుతున్న సాంబారు గిన్నె ఎత్తి వాడి మొహాన పోశాను. వాడు అరుస్తూ పడిపోయాడు. నేను ఖాళీ గిన్నెతో నెత్తి మీద కొట్టాను. ఎన్నిసార్లు కొట్టానో తెలియదు. బండి ఆయన "చాలమ్మా, సస్తడు" అని చేతులు పట్టుకున్నాడు. ఆయన పట్టుకోకపోతే ఆగేదాన్నో లేదో చెప్పలేను.

వాడు బతికాడు, మళ్లీ లోపలున్నాడు. ఈసారి కళ్లతో చూసిందే చెప్పాను, చూశాకే సంతకం పెట్టాను.

వైశాలి ఇంకా దవాఖానలోనే ఉంది. నిన్న కమలాపండ్లు తీసుకెళ్లాను. కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ అడిగింది: "కత్తెర ఎట్ల పట్టాలె మేడమ్ ఇగ? తారీఖు చెప్పకపోతే ఏమయితుండె?" కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. పండు వలిచి ఆమె నోటికి అందించాను.

మొన్న ఆదివారం ఆబిడ్స్ వెళ్లాను. శ్రీరామమూర్తి గారు కూర్చునే చోట పవన్‌కుమార్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చేతికి బంగారు గొలుసు. అమ్మేవాళ్లు ఒక్కొక్కరే "పవనన్నా" అంటూ వచ్చి మామూలు ఇచ్చి వెళుతున్నారు. "నమస్తే మేడమ్, ఏం పుస్తకం కావాలె? చెప్పుండ్రి, తీసిపెడ్తా" అన్నాడు.

ఆ హత్య కేసు హైకోర్టులో వీగిపోతోంది, ఇక దానికి దోషి లేనట్టే. పవన్‌కుమార్ పేరు ఏ రికార్డులోనూ లేదు. ఉన్నది ఒక్క నీ ఉత్తరంలోనే. కింద నీ సంతకం ఉంది, నేను నేర్పినట్టే తేదీ ఉంది. చింపెయ్యమన్నావు. చింపలేదు. ఆయన నా కోసం దాచిన నిఘంటువులో పెట్టాను. దాన్ని కోర్టులో ఇస్తే వాడితో పాటు నువ్వూ జైలుకు పోతావు, నువ్వు కొట్టిన మనుషుల మధ్యకే. ఇవ్వకపోతే ఆ కుర్చీ అక్కడే ఉంటుంది. ఒకసారి నిజం చెప్పి ఒక మనిషి వేళ్లు పోగొట్టాను, ఇంకోసారి చెప్పే ధైర్యం ఉందో లేదో తెలియడం లేదు. చెప్పకపోతే అది నీ మీద ప్రేమో, ఉత్త పిరికితనమో అదీ తెలియడం లేదు.

రోజూ నిఘంటువు తెరుస్తాను, మూస్తాను. ఏం చేయాలో నేనింకా తేల్చుకోలేదు.

నీ అక్క
కమల