కదలని చేతికి నాన్న వాచీ

ఇస్త్రీ పెట్టె దించి ఒక్క నిమిషం నా మాట వినవలసిన అక్కకి,

ఫోన్ చేస్తే "ఉండరా, చొక్కా మాడిపోతోంది" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని తడి బట్టల మీద మాత్రం పెట్టకు.

నాన్న పోయాక నువ్వు రుమాల్లో చుట్టి పంపిన వాచీని ఇన్నాళ్ళకి బాగుచేయించాను. గడియారాలు బాగుచేసే పెద్దాయన కంటికి భూతద్దం బిగించుకుని, వెనక మూత తిప్పి, లోపల నూనె జిగురైపోయిందని, చక్రాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నిద్రపోతున్నాయని చెప్పాడు. అన్నీ విప్పి కడిగాడు, కొత్త నూనె వేశాడు, గీతలు పడ్డ అద్దం మార్చాడు. పక్కలకి అంటుకున్న రంగు చుక్కలు గీకెయ్యమంటారా అని అడిగితే వద్దన్నాను. బతికినన్నాళ్ళూ గోడలకి రంగులేసిన మనిషి వాచీ మీద రంగు లేకపోతే, ఇది ఎవరిదో అంటగట్టారని నేనే గొడవ పడతాను. బెల్టు దగ్గర ఒక నీలం చుక్క ఉంది. అది ఏ గోడదో నాకు గుర్తు రాలేదు.

వాచీ బ్రహ్మాండంగా నడిచింది. ఆయన కొట్లో. నా చేతికి కట్టుకున్న మర్నాటికి ఆగిపోయింది. పట్టుకెళ్ళి ఇస్తే ఆయన చేతికి నడిచింది, నేను కట్టుకుంటే మళ్ళీ ఆగింది. ఇలా ఆయనా నేనూ వాచీని అటూ ఇటూ మార్చుకుంటూ కొన్నాళ్ళు గడిపాక, ఒకరోజు ఆయన వాచీని పక్కన పెట్టి నా నాడి పట్టుకు చూశాడు. "జబ్బు వాచీకి కాదు బాబూ. మీరేం పని చేస్తుంటారు?" అన్నాడు.

బొమ్మలు గీయడం నేర్పే కాలేజీలో ఎత్తు బల్ల మీద కదలకుండా కూర్చుంటాను, పిల్లలు నన్ను చూసి గీస్తారు, అదే నా ఉద్యోగం అని చెప్పాను. ఆయన నవ్వి, నవ్వలేక దగ్గి, ఈ రకం వాచీకి కీ ఇచ్చే ఏర్పాటే లేదన్నాడు. లోపల ఒక బరువుముక్క ఉంటుందట. చెయ్యి ఆడితే అది ఊగుతుంది, అది ఊగితేనే వాచీ నడుస్తుంది. నిచ్చెనలెక్కి దిగి, రంగు డబ్బాలు మోసిన నాన్న చేతి మీద అది పరుగులు తీసిందంటే తీయదూ. నా చేతి మీద దానికి విశ్రాంతి జీవితం.

సరే, కదులుదామనుకున్నాను. పొద్దున్నే అద్దం ముందు నిలబడి చెయ్యి ఊపుతుంటే ఎదురింటావిడ తనకేమోనని తిరిగి చెయ్యి ఊపింది. ఇప్పుడు రోజూ ఊపుతోంది. కాలేజీ క్యాంటీన్లో పిండి కలిపే ఆవిడకి వాచీ ఇచ్చి చూశాను. బాగా నడిచింది గానీ పిండిలో పడి, రొట్టెతోపాటు కాలబోయి త్రుటిలో తప్పించుకుంది. చివరికి బల్ల మీద కూర్చున్నప్పుడే ఎవరికీ తెలియకుండా మణికట్టు కాస్త కాస్త ఆడించాను. ఆరోజు బొమ్మల్లో ఒకదాంట్లో నాకు ఆరు వేళ్ళు, ఇంకోదాంట్లో చెయ్యే లేదు. పాఠం చెప్పే మేడమ్ అన్నీ చూసి, "కదిలేటట్టయితే మీకన్నా కుండే నయమండీ" అంది. నిజంగానే మర్నాడు ఒక కుండ తెప్పించి బీరువా మీద పెట్టింది. అక్కా, నా ఉద్యోగానికి కుండ పోటీకి వచ్చింది.

చెయ్యి ఆడిస్తే ఉద్యోగం ఆగుతుంది, ఆడించకపోతే వాచీ ఆగుతుంది. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు

*

అక్కకి,

నా ఉత్తరానికి "చదివాను, నవ్వాను, దుప్పట్లు చాలా ఉన్నాయి" అని కార్డు ముక్క పడేశావు. నవ్వడానికే రాశాను, నిజమే. అసలు సంగతి మాత్రం నవ్వు వెనక దాచాను.

ఈ ఉద్యోగం దొరికిన రోజు గుర్తుందా? ఇంటినిండా నాన్నతో పనిచేసేవాళ్ళు ఉన్నారు. నేను సంబరంగా చెబితే నాన్న అందరూ వినేలా, "నేను గోడలకి రంగులేస్తే, నా కొడుకు ఏకంగా గోడే అయ్యాడు" అన్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్నుంచి నా పేరు పోయి "స్తంభం" మిగిలింది. బల్ల మీద కూర్చుని వీపు పట్టేసినప్పుడు, కాళ్ళు తిమ్మిరెక్కినప్పుడు, ముక్కు మీద ఈగ వాలినప్పుడు కూడా ఆ మాట వినపడుతుంది. అందుకే ఇంటికి రావడం తగ్గించేశాను. నాన్న మంచం పట్టాక కూడా వచ్చినపూటే తిరుగుప్రయాణం కట్టాను.

అలాంటి మనిషి పోతూపోతూ, ఆడే చేతికి తప్ప నడవని వాచీని ఏరికోరి నాకిమ్మన్నాడు. నువ్వు సోమరివిరా అని రోజూ నా చేతి మీద కూర్చుని చెప్పడానికే కదా? బాధగా ఉంది అక్కా. ఎంత హాస్యమాడినా బాధగానే ఉంది. నాన్నని చూసుకున్నది నువ్వు, నీ చేతికి క్షణం తీరిక ఉండదు. న్యాయంగా ఇది నీది. ఈ వారంలో పార్సిల్ చేసేస్తాను. కాదనకు.

స్తంభం

*

ఒరేయ్ తెలివితక్కువ వెధవా,

పార్సిల్ గీర్సిల్ అన్నావంటే ఇక్కడినుంచి ఇస్త్రీ పెట్టె విసురుతాను, అక్కడ తగులుతుంది.

నాన్నకి పక్షవాతం వచ్చి వాచీ కట్టే చెయ్యే పడిపోయింది కదా. రెండో చేతికి కట్టబోతే ఒప్పుకోలేదు. పడిపోయిన చేతి మీద వాచీ ఆగిపోయేది. ఆగిన వాచీని చూసి నాన్న ముఖం గోడకి తిప్పుకునేవాడు, అన్నం ముట్టేవాడు కాదు. అందుకని ఆయన నిద్రపోగానే వాచీ విప్పి నేను కట్టుకుని బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని. లేచే వేళకి మళ్ళీ ఆయన చేతికి కట్టేసేదాన్ని. చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ నాన్న ఒకటే గొప్పలు. "చెయ్యి బాగానే ఉంది, కావాలంటే వాచీ చూడండి" అనేవాడు. నేను తలుపు చాటుకెళ్ళి నవ్వుకునేదాన్ని, ఒక్కోసారి ఏడ్చేదాన్ని.

ఒకరోజు లేచి, నా వంక అదోలా చూసి, "నా చెయ్యి చల్లగా ఉంటుంది, వాచీ మాత్రం వెచ్చగా ఉంటోందేమే?" అన్నాడు. దొరికిపోయాను. ఆయన వంకరపోయిన మూతితోనే నవ్వాడు. చాలా రోజులుగా తెలుసట, నా సరదా ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నాడట. ఇద్దరం ఒకరినొకరు మోసం చేసుకుంటూ కూర్చున్నామన్నమాట.

అప్పుడు నీ మాట ఎత్తాడు. ఆ చెయ్యి చూసుకుంటూ అన్నాడు: "ఇది నేను ఆపకుండానే ఆగింది, అయినా నాకు పిచ్చెక్కిపోతోందే. వాడికి చక్కగా ఆడే చెయ్యి. దాన్ని పొద్దస్తమానం ఆపి కూర్చుంటాడు. అది పనేనే. నాకు చాతకాని పని."

తర్వాత వాచీ నీకిమ్మన్నాడు. నాకు ఒళ్ళు మండింది, దాచుకోవడమెందుకు. వాడి చేతికి కడితే పూటకోసారి ఆగుతుంది కదా నాన్నా అన్నాను. "ఆగనీ. ఆగితే నడిపించమని నీ దగ్గరికి తెస్తాడు. వచ్చాక నేనన్న మాట చెప్పు" అన్నాడు. అందుకే నోరు మూసుకుని, నువ్వెప్పుడొస్తావా అని గుమ్మంకేసి చూస్తున్నాను. నువ్వేమో ఊళ్ళో ఉన్న గడియారాలాయన దగ్గరికీ, రొట్టెలావిడ దగ్గరికీ తిరిగావు. సొంత అక్క గుర్తు రాలేదు. ఆ నీలం చుక్క ఏ గోడదో తెలీదా? నా ఇస్త్రీ కొట్టు గోడదిరా. కొట్టు తెరిచే ముందు నాన్న వేసిన రంగు. ఇక్కడికి వస్తే కదా నీకు తెలిసేది.

ఆదివారం రా. హోటలువాళ్ళ దుప్పట్లు నడుమెత్తు పేరుకున్నాయి. వాచీ నీ చేతికే ఉంచుకుని ఇస్త్రీ పెట్టె పట్టుకో, సాయంత్రానికి అదే నడుస్తుంది. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చుంటాను. చాలా కష్టమైన పనట కదా.

నీ అక్క