సప్పుడు లేని కెమెరా

నాచారం,
ఆదివారం పగటీలి.

సుగుణక్కకు, తమ్ముడు నర్సింగు కాళ్లు మొక్కి రాస్తున్న.

అక్కా, నువ్వు, బావ, పిల్లలు అందరు మంచిగున్నరనుకుంట. బావ మోకాలు నొప్పి తగ్గిందా? నేనిక్కడ మంచిగనే ఉన్న, నా గురించి ఫికర్ జెయ్యకు. పొద్దుగాల షిఫ్టుకు పోతున్న, యాళ్లకు తింటున్న. వానలు మొదలైనయి. వాన పడ్డప్పుడు మా మందుల ఫ్యాక్టరీల వాసన కిందికి దిగి రూంల నిలవడ్తది. కొత్తల కండ్లు మండేటియి, ఇప్పుడు అలవాటైంది. మెస్సుల రోజు అన్నమే. నీ చేతి జొన్నరొట్టె తినక నాలుగు నెల్లాయె. ఫోన్ల చెప్పుదామంటె రూంల ఇంక ముగ్గురుంటరు, అందుకే ఈ కాయిదం. నువ్వొక్కదానివే సదువు.

కెమెరా ఏది కొన్నవని అడిగినవ్ గద. ఆ సంగతే రాస్తున్న, జర నిమ్మలంగ సదువు.

నాయిన పోయినంక జనగామల స్టూడియో నడిపింది నువ్వు, నాకు ఫొటో తీసుడు నేర్పింది నువ్వు. గని స్టూడియోల మనిషి మనకోసం కూసుంటడు. తొవ్వ మీద ఎవ్వరు కూసోరు. కోఠిల పాత కెమెరాల దుకాణంల ఒక పెద్ద కెమెరా సూసిన, రీలుది. దుకాణపాయన నా కంపెనీ కార్డు పెట్టుకొని, ఒక పూట వాడి సూడుమని ఇచ్చిండు. లాలాపేట మార్కెట్ల కన్నుకు పెట్టుకున్ననో లేదో, కూరగాయలామె కొంగు సర్దుకుంది. తూకమేసేటాయన నవ్వుడు బంద్ జేసిండు. "ఏ పేపరు సార్ మీది?" అని ఒకాయన అడిగిండు. టక్కుమని సప్పుడైతె పది మొకాలు నా దిక్కు తిరిగినయి. ఇది నాతోని కాదని తిరిగిచ్చేసిన.

ఆ మాట మా ఫ్యాక్టరీ సెక్యూరిటీ ఆఫీసరుకు ఎట్లనో తెలిసింది. మెల్లగ మాట్లాడ్తడు, అందర్ని పేరు పెట్టి పిలుస్తడు. గేటు కాడ ఆపి, "నర్సింగ్, రోడ్ల మీద ఫొటోలు తీస్తవట గదా. పెద్ద కెమెరాతోని ఆ పని కాదు. నా కాడ చిన్న డిజిటల్ ఉంది, ఊకెనే పడి ఉంటది. నెల రోజులు వాడి సూడు, నచ్చితె అసువంటిదే కొనుక్కో" అన్నడు.

అరచేతిల పడ్తది అక్కా. సప్పుడు బంద్ జేసే మీట ఉంది. కన్నుకు పెట్టే పని లేదు, నడుం కాడ పట్టుకొని నడుసుకుంట తీయొచ్చు. ఎంత సంబురమైందో! ఉప్పల్ రింగురోడ్డు కాడ తడుసుకుంట బస్సు కోసం ఉరికే ఆడోళ్లు, టిఫిన్ మూత తీసి వాసన సూసుకునే ముసలాయన, ఫ్యాక్టరీ ముందట చాయ్ బండి కాడ గుంపుగ నిలవడ్డ మావోళ్లు. తీసినట్టు ఎవ్వరికి తెల్వదు. ఎవరి మొకం వాళ్లకు ఉన్నట్టే వచ్చింది.

శనివారం శనివారం సారు పిలిచి, ఫొటోలు తన కంప్యూటర్ల ఎక్కించుకునేటోడు. ఒక్కొక్కటి పెద్దగ జేసి సూసేటోడు. "ఇది మస్తొచ్చింది. ఈ ఎర్రంగీ ఆయన ఎవరు? ఏ సెక్షను?" నా పనిని అంత శ్రద్ధగ సూసేటోళ్లు ఇక్కడ నాకు ఎవరున్నరు అక్కా? సంబురంగ పేర్లు చెప్పిన. ఏ ఊరోళ్లో గూడ చెప్పిన.

రెండు వారాలకు ముగ్గుర్ని గేటు కాడనే ఆపిన్రు. ఇగ రావద్దన్నరు. ఎందుకో చెప్పలే.

నన్ను ఈ పనిల పెట్టించిన యాదన్న ఉన్నడు గద, భువనగిరి దిక్కు ఆయన, నా పక్క మెషీన్ మీదనే చేస్తడు. నేను కెమెరా పట్టకముందే ఒకసారి డ్రమ్ముల మందు చిట్లి ఒకామె చేతులు బొబ్బలెక్కినయి. అప్పటిసంది యాదన్న, అందరికి గ్లౌజులు, మాస్కులు ఇయ్యాలెనని ఒక కాయిదం మీద సంతకాలు తీసుకుంటున్నడు. చాయ్ బండి కాడ గుంపు అందుకే. పని పోయిన ముగ్గురు ఆ గుంపులోళ్లే. నాకు అప్పుడు గూడ తట్టలే.

సారు మల్ల పిలిచినప్పుడు తట్టింది. "చాయ్ బండి ఫొటోల యాదగిరి వీపే కనవడ్తంది. రేపు ఆదివారం మల్కాజిగిరిల ఒకరింట్ల కూసుంటరట. నువ్వు పో, నిన్నెవరు అనుమానపడరు. మొకాలు సాఫ్‌గ రావాలె" అన్నడు. కెమెరా ఖరాబైందని చెప్పిన. ఆయన నవ్విండు. "పర్వాలే. నీ రూంకే వచ్చి సూస్త."

నిజంగనే వచ్చిండు, నేను షిఫ్టుల ఉన్నప్పుడు. నా మంచం మీద కూసొని, నా సంచి ఇప్పి సూసి, నీ ఉత్తరాలు రెండు సదివి, మల్ల మడతపెట్టి పోయిండట. మీ సారు మంచోడు, మాతోని చాయ్ గూడ తాగిండని రూం వాళ్లు చెప్పిన్రు.

తెల్లారి కెమెరా ఆయన టేబుల్ మీద పెట్టి, "నాకొద్దు సార్" అన్న. ఆయన దాన్ని ముట్టలే. "ఫొటోలన్ని నా కాడ ఉన్నయి నర్సింగ్. తీసింది నువ్వు, పేర్లు చెప్పింది నువ్వు. ఎవరన్న అడిగితె గదే చెప్త."

ఆయన చెప్పకముందే నేను చెప్పాలెననుకున్న. యాదన్న చాయ్ తాగుతుండె. అంత చెప్పిన. ఆఖరుకు, "పేర్లు గూడ నువ్వే చెప్పినవా?" అన్నడు.

"చెప్పిన అన్న."

గ్లాసు కింద పెట్టి లేసి పోయిండు. చాయ్ సగం గూడ తాగలే.

మూడు రోజులు నా దిక్కు సూడలే. ఆ మూడు రోజులు ఎట్ల గడిచినయో రాయొస్తలేదు అక్కా. నాలుగో రోజు బస్టాపుల పక్కకు వచ్చి నిలవడ్డడు.

"ఇంకో కెమెరా ఉన్నదా?"

"లేదన్న."

"సూడు మరి. వచ్చే శుక్రవారం లేబర్ ఆఫీసుల కాయిదం ఇయ్యవోతున్నం. పని పోయిన ముగ్గురు గూడ వస్తరు. లోపలికి పోయేముందు అందరం బయట నిలవడ్తం. ఒక్కల మొకం గూడ తప్పొద్దు."

"అన్న, అది మల్ల వాళ్ల చేతుల పడ్తె?"

"వాళ్లకు మేమెవరమో తెల్సు. తెల్వాల్సింది వేరేటోళ్లకు. రేపు మా గుంపుల ఒకడు కనవడకపోతె, వీడుండె అని చూపిచ్చెతందుకు ఏదన్న ఉండాలె గద."

నిన్న కోఠికి పోయి పెద్ద కెమెరానే కొన్న. రీలు నా చేతుల ఉంటది, ఎవరి కంప్యూటర్ల ఎక్కదు. సప్పుడైతె కానియ్యి. ఈసారి నేను తీస్తున్నట్టు తీయించుకునేటోళ్లకు తెల్వాలె.

నువ్వు ఒక్క పని జెయ్యి. శుక్రవారం పొద్దుమూకి యాదన్న భార్య ఆ రీలు పట్టుకొని జనగామకు వస్తది. నల్ల చీర మీద తెల్ల పూలు, చేతిల గుడ్డసంచి. రీలు నువ్వే కడుగు, బయట ఎవ్వరికియ్యకు. రెండు కాపీలు తీసి ఒకటి ఆమెకియ్యి. రెండోది, రీలు ఇంట్ల గాని స్టూడియోల గాని పెట్టకు, వేరే ఎక్కడన్న దాయి; నీ ఉత్తరాల మీద మీ అడ్రసు ఆ సారు సదివిండు. ఎవరన్న నా పేరు చెప్పుకుంట వస్తె ఏం తెల్వదను. పిల్లల్ని కొన్ని రోజులు ఒంటరిగ బడికి పంపకు.

బావకు నువ్వే మెల్లగ చెప్పు. అవ్వకు మాత్రం నేను మంచిగున్ననని చెప్పు, నిజంగనే మంచిగున్న. పెద్దనాయినకు, పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. శుక్రవారం నాడు నా నెత్తి మీద నీ చెయ్యి ఉన్నట్టు అనుకో, నాకు గంతే చాలు.

ఇది రాస్తుంటె కిటికీలకెల్లి కనవడ్తంది, ఎదురు గల్లీల ఒకాయన బండి ఆపుకొని పొద్దటిసంది నిలవడ్డడు. అందుకే ఈ ఉత్తరం నేను పోస్టు డబ్బల వేస్తలేను. మా కిరాయింటి ఓనరమ్మ ఉప్పల్ పోతంది, ఆమె చేతికిస్తున్న, ఆడ వేస్తది. నువ్వు పైలం అక్కా.

నీ తమ్ముడు,
నర్సింగు