ఆ పిల్ల బస్సు దిగలేదు

హైదరాబాదు
ఆదివారం సాయంత్రం

సౌభాగ్యవతి చెల్లెలు భాగ్యకు,

మీ అన్న సత్యనారాయణ నిండు మనసుతో దీవించి వ్రాస్తున్న ఉత్తరం. ముందుగా నా తెలుగు పేదరికాన్ని మన్నించాలి. అమీర్‌పేట కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో రోజంతా అడ్మిషన్ రిజిస్టరు వ్రాయడమే నా పని. పేరు, తండ్రి పేరు, కోర్సు, బ్యాచ్ టైము. ఏడాదిన్నరగా ఈ నాలుగు గడులలోనే తిరుగుతూ, నిండు వాక్యం వ్రాయవలసి వచ్చేసరికి చేయి తడబడుతున్నది. రాత్రి కళాశాలలో మాకు తెలుగు చెప్పిన మాస్టారు ఈ కాగితం చూస్తే ఎర్ర సిరాతో నింపేవారు. నువ్వు తప్పులు పక్కన పెట్టి విషయం చూడు.

నేను క్షేమమే. మీ వదిన తన చెల్లెలి పురిటికి జనగామ వెళ్ళి మూడు వారాలైంది, శుక్రవారం వస్తుంది. అమ్మ మోకాళ్ళ సంగతి వివరంగా వ్రాయి. "అందరం మంచిగున్నం" అని ఒక్క ముక్కతో సరిపెట్టవద్దు. మెట్లు తనంతట తాను దిగుతున్నదా, గోడ పట్టుకొని దిగుతున్నదా, అది వ్రాయి. రజిత ఇంటరు ఫస్టు క్లాసులో పాసయిందని తెలిసిన రోజు ఇక్కడ మా మేడలో ఉన్న నాలుగు ఇళ్ళకూ మిఠాయి ఇచ్చి వచ్చాను. మేనమామను, ఆ మాత్రం హక్కు నాకున్నది.

ఇక్కడ వానలు మొదలైనాయి. పంజాగుట్ట చౌరస్తాలో మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే బస్సులు ఎర్రమంజిల్ దాకా బారులు తీరతాయి, నేను దిగి నడుస్తాను. నడిచినా ఆలస్యంగా వెళ్ళినవాణ్ణి కాను. ఈ ఏడాదిన్నరలో నా పేరు ఎదుట ఎర్ర గీత ఒక్కటీ లేదని నీకు ఇదివరకే వ్రాశాను, మళ్ళీ వ్రాస్తున్నాను. మీ వదిన లేనందున ఎస్.ఆర్. నగర్‌లో రత్నం గారి మెస్సులో భోజనం. ఆమె భీమవరం వైపు మనిషి, చేయి మంచిదే, కానీ పప్పుచారులో బెల్లం వేస్తారు. ఎన్నిసార్లు చెప్పినా వేస్తారు. ఇంటికి వెళ్తే గోడలు తప్ప పలకరించేవారు లేరు. దాని గురించి దిగులు పడకు, అది పెద్ద విషయం కాదు.

పెద్ద విషయం వేరే ఉన్నది. భాగ్యా, నేను మిక్కిలి కోపంగా ఉన్నాను. ఎవరి మీద అన్నది ఓపికగా చదివితే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం పన్నెండు రోజుల కిందట, మంగళవారం అందింది. అందులో నీ మాటలు నాకు కంఠస్థమైపోయినాయి. "అన్నా, రజిత హైదరాబాద్ పోయి కంప్యూటర్ నేర్సుకుంట అని రెండొద్దుల సంది అన్నం ముట్టలేదు. మీ బావ వద్దన్నడు, అమీర్‌పేటల ఆడపిల్లలు ఖరాబైతరంట. నేను సుత వద్దనే అన్న. నువ్వే చెప్తివి గదనే ఆ సినిమా, బస్సెక్కిన పిల్ల తల్లి మొకం జూసి దిగింది అని. నేను దిగిన. నా బిడ్డ సుత దిగుతది."

బుధవారమే జవాబు వ్రాశాను. ఏమని వ్రాశానో విను. బావ అమీర్‌పేటను అన్న మాట అన్యాయమని వ్రాశాను. ఇక్కడ తెల్లవారి ఆరు గంటల క్లాసుకు ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుండి నోటు పుస్తకాలు ఛాతీకి హత్తుకొని, తడిసిన చెప్పులతో వరుసగా నడిచివచ్చే ఆడపిల్లలను బావ ఒక్క రోజు చూసి ఉంటే ఆ మాట నోట రాదని వ్రాశాను. కుర్చీలు చాలక రెండు గంటలు నిలబడి వింటారు. వాళ్ళ పేర్లు నా చేతితో వ్రాసినవాణ్ణి, వాళ్ళ తరఫున మాట్లాడే అధికారం నాకున్నది. అంతవరకు బాగానే ఉన్నది. కానీ ఉత్తరం చివర "అయినను రజిత విషయమున పెద్దల నిర్ణయమే శిరోధార్యము, ఆ చిత్రరాజము చెప్పిన నీతి నేటికిని చెల్లును" అని ముగించి, కవరులో పెట్టి జేబులో వేసుకున్నాను. వాక్యం బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా. వానకు తపాలా పెట్టె దాకా వెళ్ళలేక అది జేబులోనే ఉండిపోయింది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం మెస్సుకు వెళ్ళాను. రత్నం గారు ఫ్రిజ్ మీద చిన్న టీవీ పెట్టారు. ఆదివారాలు అందులో పాత సినిమాలు వస్తాయి, పిల్లలు తింటూ చూస్తారు. కంచం ముందు కూర్చొని తల ఎత్తితే అదే సినిమా! రెండు జడల పిల్ల, పువ్వుల బొమ్మ ఉన్న రేకు పెట్టె, గడప దగ్గర తల్లి. ఇరవై ఐదేండ్ల తర్వాత చూసినా మొదటి క్షణంలోనే గుర్తుపట్టాను.

"మాట్లాడకుండా చూడండి. మీరు నేర్చుకోవలసినది ఇందులో ఉన్నది" అన్నాను.

కరీంనగర్ కుర్రవాడు ప్రవీణ్ ఊరుకోలేదు. "ఏం నేర్సుకోవాలె సార్? మొదటి సంది ఏడుస్తనే ఉన్నరు గాళ్ళు. జర నీళ్ళన్న తాగుతలేరు."

"ముందు నీ కంచంలోది తినరా నాయనా, తర్వాత వాళ్ళకి నీళ్ళిద్దువు గాని" అన్నారు రత్నం గారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పెద్దలు కూర్చొని చూసిన సినిమాను ఎగతాళి చేయడం నాకు నచ్చదు.

ఆ ఘట్టం రానే వచ్చింది. పిల్ల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నది. పెద్ద బడిలో సీటు దొరికింది, వెళ్తున్నది. కింద తల్లి కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నది. నేను ఎంగిలి చేతితోనే లేచి నిలబడి, మెస్సు మొత్తానికి వినబడేటట్లు అన్నాను. "ఇప్పుడు చూడండి. ఆ పిల్ల తల్లి కన్నీరు చూసి బస్సు దిగుతుంది. బుద్ధి రావడమంటే అదీ!"

"దిగదండీ" అన్నది ఎదురు బల్ల నుండి మాధవి. తెనాలి అమ్మాయి, ఉదయం ఆరింటి బ్యాచ్.

"నీకేం తెలుసమ్మా? నువ్వు పుట్టకముందు సినిమా ఇది."

"మా అమ్మమ్మకి ఇష్టమండీ ఇది. నన్ను తెనాలి స్టేషన్లో రైలెక్కించేటప్పుడు కూడా ఇదే చెప్పింది. ఏడిస్తే ఏడ్చాం, నువ్వు మాత్రం ఆ పిల్లలా దిగకు అని. చూడండి, దిగదు."

కండక్టరు "రైట్" అన్నాడు. బస్సు కదిలింది. ఆ పిల్ల కళ్ళు తుడుచుకున్నది, పెట్టె మీద చేయి వేసుకున్నది, ముందుకు చూసింది. దిగలేదు.

"సార్, మీరు జూసిన సినిమాల బస్సు ఖరాబైనట్టుంది" అన్నాడు ప్రవీణ్. మెస్సంతా పగలబడి నవ్వింది. నేను అట్లాగే నిలబడి ఉన్నాను. చేతికి అన్నం ఎండిపోయింది.

చివరి దాకా చూశాను. ఏండ్లు గడిచిన తర్వాత ఆ పిల్ల అదే బస్సులో, ఆ ఊరికి పెద్ద పంతులమ్మగా తిరిగి వస్తుంది. తల్లి బిందెతో నీళ్ళు తెచ్చి ఎదురువస్తుంది. చివరకు అందరూ వరుసగా నిలబడి నవ్వుతారు, "శుభం" అని పడుతుంది. ఆ సినిమాకు ఆ అక్షరాలు పడటం నేను చూసింది అదే మొదటిసారి.

ఇప్పుడు చెప్పవలసినది చెబుతాను. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

మన ఊరికి ఆఖరి బస్సు టౌనులో ఐదింటికి బయలుదేరేది, నీకు గుర్తుండే ఉంటుంది. మ్యాట్నీ ముగిసేది ఐదున్నరకు. మన వాడలో ఆడవాళ్ళను సినిమా హాలుకు పంపేవారు కాదు. నేను వెళ్ళి చూసి రావాలి, అరుగు మీద కూర్చొని కథ చెప్పాలి, మీరంతా చింతపండు గింజ తీస్తూ వినాలి. అట్లా ఎన్ని సినిమాలు చెప్పానో లెక్క లేదు. భాగ్యా, వాటిలో ఒక్క దానికీ నేను ఆఖరు చూడలేదు. ప్రతిసారీ ఐదింటికి ముందే లేచి బస్టాండుకు పరుగెత్తాను. ఆఖరు కథలన్నీ దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చొని నేను కల్పించినవే. "కల్పించినవి" అని వ్రాసి కాసేపు ఆగాను. బి.ఏ. చదివినవాడు సరియైన మాట వాడాలి. అవి అబద్ధాలు.

పోనీ అబద్ధమైనా స్వతంత్రంగా ఆడానా? అదీ లేదు. నాయిన గోడకు ఆనుకొని చుట్ట కాలుస్తూ వినేవాడు. ఆయన ముఖం చూసి కథ ముగించేవాణ్ణి. మగపిల్లవాడు తండ్రి మీద అలిగి ఇల్లు విడిచిపోతే, లోకం చూసి గొప్పవాడై వచ్చాడని చెప్పాను. ఆడపిల్ల గడప దాటబోతే, బుద్ధి తెచ్చుకొని వెనుదిరిగిందని చెప్పాను. అదే నోటితో, అదే అరుగు మీద! ఊరంతా "సత్తెన్న చెప్తే నీతి ఉంటది" అని మెచ్చుకుంటుంటే మెడ నిటారుగా పెట్టుకొని తిరిగాను.

ఆ రోజు నీకు పదమూడేండ్లు. ఒడిలో చింతగింజలు పోసుకొని అడిగావు, "అన్నా, ఆ పిల్ల బస్సు దిగిందా?" అని. నేను హాలు నుండి లేచేసరికి ఆ పిల్ల ఇంకా కిటికీ పక్కనే కూర్చొని ఉన్నది. నాకు తెలియదు. తెలియదని ఒక్క మాట అనవచ్చును. నాయిన వైపు చూశాను. "దిగింది. దిగి తల్లి కాళ్ళ మీద పడి, ఇక ఎక్కడికీ పోను అన్నది" అన్నాను.

"గది! పిల్లలకు గట్ల ఉండాలె బుద్ధి" అన్నాడు నాయిన.

సోమవారం నువ్వు ఎనిమిదో తరగతికి పక్క ఊరికి పోలేదు. నిన్ను ఎవరూ మానమనలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నీ సంచి గూట్లో పెట్టి నువ్వే పొయ్యి దగ్గర కూర్చున్నావు. ఆ రోజు నేను సంతోషించాను. నా కథకు ఫలితం వచ్చిందనుకున్నాను.

ఇది తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతున్నది. నాయిన మీద మండుతున్నది, పోయిన మనిషి అని కూడా చూడలేకపోతున్నాను. సినిమాలు తీసినవాళ్ళ మీద అందామంటే, పాపం వాళ్ళు ఆ పిల్లను దింపలేదు. దింపింది నేను. ఆ తర్వాత నలభై ఏండ్ల వయసులో నేను రాత్రి కళాశాలలో చేరితే, క్లాసు తప్పినప్పుడల్లా స్నేహితుల నోట్సు అరువు తెస్తే, వాటిని కూర్చొని ఎత్తివ్రాసింది ఎవరు? నీ పెళ్ళయి, పిల్ల పుట్టి, పొలం పని అయిన తర్వాత మా ఇంటి వెనుక గడపలో కూర్చొని వ్రాశావు. ఆ నోటు పుస్తకాలు ఇక్కడ నా పెట్టెలోనే ఉన్నాయి. మొన్న తీసి చూశాను. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి అంతా నీ గుండ్రటి అక్షరాలే. ఒక పుట అంచున, "అన్నా, ఈ ముక్క నాకు సమజైంది, మంచిగుంది" అని వ్రాసుకున్నావు. పరీక్ష తొందరలో నేను దాన్ని గమనించనే లేదు. ఏడవ తరగతి చదువుతో దాన్ని అర్థం చేసుకున్న మనిషి ఎక్కడి దాకా పోయేదో నేను లెక్క కట్టలేను.

బుధవారం నాటి ఉత్తరం చింపివేశాను. నీతి గీతి ఏమీ చెల్లదు. రజిత బస్సు దిగకూడదు.

వచ్చే నెల ఒకటో తేదీన కొత్త బ్యాచ్ మొదలవుతుంది. రిజిస్టరులో ఒక వరుస ఖాళీగా విడిచి కింది వరుసలో తరువాతి పేరు వ్రాశాను. ఇది నిబంధనకు విరుద్ధం, నా జీవితంలో ఇట్లాంటి పని చేయలేదు. మా మేనేజరు చూసి, "ఏంది సత్యనారాయణ గారూ, గీడ గాలి పేరు రాసిన్రా?" అన్నాడు. "ఒక అమ్మాయి వస్తున్నది. తండ్రి సంతకం కావాలి" అన్నాను. ఉండటం మా ఇంట్లోనే. ముందు గది ఖాళీ చేసి, కిటికీకి తలుపు బిగింపజేశాను. ఉదయం క్లాసుకు నేనే తోడు వెళ్తాను, అది నాతో కలిసి నడవడానికి సిగ్గుపడితే నాలుగడుగులు వెనుక నడుస్తాను.

బావకు నా నమస్కారాలు. ఆయన మంచి మనిషి, నా అబద్ధం విని మోసపోయిన వాళ్ళలో ఆయన కూడా ఒకరు. సంతకం పెట్టడానికి ముందు ఒకసారి వచ్చి, పొద్దున ఆరింటికి అమీర్‌పేట చౌరస్తాలో నాతో నిలబడి చూడమని చెప్పు. అమ్మ పాదాలకు నా దండాలు, ఈ తప్పు చేసిన కొడుకును కూడా ఆశీర్వదించమని అడిగానని చెప్పు. రజిత వచ్చేటప్పుడు రెండు శేర్ల జొన్నపిండి, కొంచెం చింతపండు పంపు. గింజ తీయవద్దు. నేను తీసుకుంటాను.

ఇట్లు,
నీ క్షమాపణకు ఎదురుచూసే అన్న,
సత్యనారాయణ, బి.ఏ.

ఈ ఉత్తరం ముందు నువ్వు ఒక్కదానివే చదువు. తిట్టాలనిపిస్తే తిట్టు, నేను పడతాను. తర్వాత రజిత చేతికి ఇవ్వు. అది బావనూ అమ్మనూ కూర్చోబెట్టి గట్టిగా చదవాలి, ఒక్క ముక్క విడువకూడదు, ఒక్క ముక్క కలపకూడదు. ఎవరికి ఎంత పని ఉన్నా, ఏ బస్సుకు వేళ అయినా, ఆఖరు మాట వినేదాకా ఒక్కరూ లేవకూడదు.