రాణికి పది నిమిషాల ఎక్స్‌రే

వేలూరు, 1957 ఆగస్టు, బుధవారం

ఈ పొద్దు గుడియాత్తం ఊరి నుంచి వచ్చిన పాప రాణికి చేతి నరంలోంచి గుండెలోకి సన్న గొట్టం పంపించి, ఎక్స్‌రే తెర మీద చూసినారు. ఐదేండ్ల బిడ్డ, గుండెలో రంధ్రముండాది. ఏడిస్తే పెదిమలు నీలంగా అయిపోతాయి. ఎక్స్‌రే ఎక్కువసేపు పడితే పసిఒంటికి చెరుపని డాక్టరయ్య నా చేతికి గడియారమిచ్చి పక్కన నిలబెట్టినాడు. "నర్సమ్మా, పది నిమిషాలు కాగానే గట్టిగా చెప్పు. నేను కసురుకున్నా సరే," అన్నాడు.

గుండెలో రంధ్రం యాడుండాదో తెలియకముందే పది నిమిషాలూ అయిపోయినాయి. చెప్పినాను.

"ఇంకొక్క నిమిషం," అన్నాడు.

ఈసారి అరిచినట్టే చెప్పినాను. ఆయన ఎక్స్‌రే ఆపేసినాడు.

బయట రాణి వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకునింది. "కనిపించిందా అమ్మా?"

"లేదమ్మా. వచ్చే నెల మళ్ళీ చూడాల."

"మళ్ళీనా?" అనింది ఆమె.

మళ్ళీ అంటే ఇంకో పది నిమిషాలు ఆ బిడ్డ ఒంటిమీద పడతాయి గదా. ఆ ఒక్క నిమిషం ఇచ్చుంటే ఈ పొద్దే తేలిపోయేదేమో. ఈ మాట డాక్టరయ్యనే అడిగినాను.

"తేలుండేదో లేదో నాకూ తెలీదమ్మా," అన్నాడు. "అయినా వచ్చే నెల కూడా గడియారం పట్టుకుని నువ్వే నిలబడు."