దేవుడి గదికి ఇనుప తలుపు

టోవా పాయో, సింగపూర్,
ఆదివారం.

ప్రసాద్ గారికి కాత్యాయని నమస్కారాలు. ఇక్కడ ముగ్గురం ఒంటికి క్షేమంగానే ఉన్నాం, మనసు సంగతి తర్వాత రాస్తాను. మీరూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం వెంకటసుబ్బయ్య అంకుల్ తెచ్చి ఇచ్చారు. ఓడలకు సరుకులు అందించే పని మీద బుధవారం మళ్ళీ మీ దీవికి వస్తున్నారట, ఇది ఆయన చేతికే ఇస్తాను. ఈ విషయం ఫోన్లో వద్దన్నారుగా. ఈ రోజుల్లో మొగుడికి కాగితం మీద రాయడమేమిటని మొదట నవ్వొచ్చింది. మీ ఉత్తరం చదివాక నవ్వు పోయింది.

ముందు మీరడిగినవి చెప్తాను. అత్తయ్యగారి మోకాలు నయం. నా పప్పులో ఉప్పు లేదని మళ్ళీ అంటున్నారు, అంటే కోలుకున్నట్టే. మహతికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. తిట్టకండి, మీరు లేరని బెంగ.

ఇక అసలు ప్రశ్న. నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడండి. అణ్వాయుధాలు తమ దేశంలోకి రాకూడదని ఆ దీవివాళ్ళు రాజ్యాంగంలో రాసుకున్నారు. రావాలంటే ఓటర్లలో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. ఓటు పెడితే నెగ్గదని అక్కడి ప్రభుత్వానికి తెలుసు. అందుకని ఆయుధాలు రేవులో ఓడ మీదే ఉండి ఒడ్డుకు దిగకపోతే దేశంలోకి వచ్చినట్టు కాదని, జనాన్ని అడగక్కర్లేదని మీ చేత న్యాయాభిప్రాయం రాయిస్తున్నారు. ఓడ ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నా సరేనట! మీరు సంతకం పెడితే ఇక్కడి మీ లాయర్ల ఆఫీసులో పెద్ద హోదా. పెట్టకపోతే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఈ దేశంలో ఉండనిచ్చే మనందరి పాసులూ పోతాయి. "పెట్టనా, వద్దా?" అని నన్నడిగారు.

అత్తయ్యగారితో అన్నాను. "వాడు కాకపోతే ఇంకోడు పెడతాడు. మధ్యలో మనం రోడ్డున పడ్డమెందుకే?" అన్నారు. ఆవిడ మాట తీసిపారెయ్యలేకపోయాను.

నిన్న మహతి బడిలో ఏదో భద్రతా పాఠం చెప్పారట. ఇంటికి రాగానే దేవుడి గదిలోంచి బియ్యం బస్తా, సూట్‌కేసులు హాల్లోకి లాగేసింది. "దేవుడి దగ్గర ఏందే ఆ ఆటలు?" అని అత్తయ్యగారు కేకలేశారు.

"ఆట కాదు లా, నానమ్మా! ఇది బాంబ్ షెల్టర్!" అంది, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర "లా" తగిలించి.

నిజమే కదండీ. ఇక్కడి కొత్త ఫ్లాట్లలో ఆ మందపు గోడలు, ఇనుప తలుపు పెట్టేది అందుకే. ఆ గోడలకు మేకు కొట్టకూడదన్నారని పటాలన్నీ అలమరలో పెట్టుకుని, అది ఎందుకు కట్టిన గదో మనమే మర్చిపోయాం. మహతి నన్ను లోపలికి లాగి తలుపు మూసింది. దీపం వాసన, పచ్చడి వాసన. బయట అత్తయ్యగారి గొంతు కూడా వినపడలేదు.

"నాన్న ఉండే ఇంట్లో ఇలాంటి రూమ్ ఉందా?"

"లేదమ్మా. అది రేకుల ఇల్లు."

"దెన్ హౌ?"

"అసలు బాంబులే రాకూడదని వాళ్ళు చట్టం రాసుకున్నారు."

"ఓ, గుడ్ లా. సో నాన్న సేఫ్," అని తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంతవరకూ దాచిన మాట ఇప్పుడు చెప్తున్నాను. మీ ఉత్తరం వచ్చిన రోజే, ఆ గదిలోనే, అదే దీపం ముందు మొక్కుకున్నాను. మీరు మారుమాట్లాడకుండా సంతకం పెట్టి ఇంటికొచ్చేస్తే వెంకన్నకు నా తలనీలాలు ఇస్తానని. బాంబుకు కట్టిన గదిలో కూర్చుని ఇంకొకరి ఇంటి ముందుకు బాంబు రావాలని దేవుణ్ణి అడిగాను. మీకు చేపల కూర వడ్డిస్తూ "మమ్మల్ని అడక్కుండా ఏదీ రాదులే బాబూ" అందే, మీరు ఉత్తరంలో రాసిన మీ అద్దింటి ముసలావిడ, ఆవిడ నా మనసులోకే రాలేదు. సిగ్గుగా ఉందండీ. మనకు ఈ గోడలున్నాయి. ఆవిడకు రాజ్యాంగంలోని ఆ ఒక్క వాక్యమే ఉంది. దాన్ని తీసేసే పని మీ చేతికిచ్చారు.

సంతకం పెట్టకండి. ఇంకెవరో పెడతారేమో, ఆ ఓడ వస్తుందేమో, మనవల్ల ఆగేదేమీ ఉండదేమో. నాకు చాలా భయంగా ఉంది. మహతి బడి, అత్తయ్యగారి వైద్యం, అన్నీ ఏమవుతాయో తెలీదు. అయినా పెట్టకండి.

పాసులు పోతే ఎటూ మన ఊరు నెల్లూరే వెళ్ళాలి కదా, తిరుపతి అక్కడికి దగ్గరే. ముందు కొండకు వెళ్ళి జుట్టు ఇచ్చేస్తాను. మొక్కు ఫలించినందుకు కాదు, ఫలించనందుకు.

ఇట్లు,
మీ భార్య
కాత్యాయని